జ్ఞాపకం ఎవరిది? కళాకారుల కుటుంబ కథలు తెరమీద ఎక్కడ నిలుస్తాయి, ఎక్కడ జారిపోతాయి

ఒక కళాకారుడు, అతని ఇల్లు, ఏళ్ళ తర్వాత మళ్ళీ పైకి తేలిన పాత సంగతులు. ఈ మూడూ కలిపి అల్లిన సినిమాలు ప్రపంచంలో అన్ని భాషల్లోనూ ఉన్నాయి. కథ క్లుప్తంగా చెప్పమంటే దాదాపు అన్నీ ఒకేలా వినిపిస్తాయి: కళే ప్రాణంగా బతికిన మనిషి, ఆ పక్కనే నలిగిపోయిన ఇంటివాళ్ళు, ఆలస్యంగా వచ్చిన పశ్చాత్తాపం. అయినా వాటిలో కొన్ని నలభై యాభై ఏళ్ళ తర్వాత చూసినా మనసును మెలిపెడతాయి. చాలావాటిలో ఏడుపు పాత్రల దగ్గరే ఆగిపోతుంది, ప్రేక్షకుడి దాకా రాదు.

ఎందుకిలా అవుతుందని వెతుక్కుంటూ పోతే చాలాసార్లు ఒకే చోట తేలతాం. తెరమీద చూపించే ప్రతి పాత సంగతికీ ఒక హక్కుదారు ఉండాలి. దాన్ని గుర్తుచేసుకుంటున్నది ఎవరు, ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చింది, నలుగురి ముందూ చెప్పే హక్కు వాళ్ళకుందా? మామూలు కుటుంబ కథలో ఈ లెక్క కొంచెం అటూఇటూ అయినా నడిచిపోతుంది. కళాకారుడి కథలో నడవదు. అతని ముడిసరుకే ఇంటి జ్ఞాపకాలు. అమ్మ పడ్డ కష్టం కథవుతుంది, నాన్న మౌనం పాటవుతుంది, విడిపోయిన భార్య ఒక పాత్రవుతుంది. అవన్నీ అతనొక్కడి సొత్తు కావు. ఈ తగాదా లోపల ఉందని గ్రహించిన దర్శకుడు ఒకలా తీస్తాడు, గ్రహించనివాడు ఇంకోలా తీస్తాడు. ఆ తేడా ఫ్లాష్‌బ్యాక్ మొదలయ్యే తీరులోనే బయటపడుతుంది.

ఫ్లాష్‌బ్యాక్ ఎవరి తలలోంచి వస్తోంది

బలహీనమైన సినిమాలో ఫ్లాష్‌బ్యాక్ సమాచారం అందించడానికి వస్తుంది. పాత్ర కిటికీలోంచి బయటికి చూస్తుంది, రంగు కాస్త పసుపెక్కుతుంది, తెరమీద ఒక సంవత్సరం పడుతుంది, ప్రేక్షకుడికి తెలియాల్సిన నాలుగు ముక్కలు తెలుస్తాయి. పసుపు రంగు 'ఇది పాతది' అని మాత్రమే చెబుతుంది. 'ఇది ఫలానా మనిషిది' అని చెప్పదు. అందుకే ఆ దృశ్యం ఎంత అందంగా తీసినా ఎవరికీ చెందదు.

దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. గుర్తుచేసుకుంటున్న మనిషి ఆ గదిలో ఉన్నాడా? లేకపోతే అక్కడ జరిగిన మాటలు అతనికెలా తెలిశాయి? కూతురి జ్ఞాపకంగా మొదలైన దృశ్యంలో తల్లీతండ్రీ తలుపు వేసుకుని పోట్లాడుకుంటుంటే, ఆ పోట్లాట తలుపు ఇవతలి నుంచి వినిపించాలి. కెమెరా లోపలికెళ్ళి ఇద్దరి ముఖాలూ క్లోజప్‌లో చూపిస్తే జ్ఞాపకం చెదిరిపోయి మామూలు సీను మిగులుతుంది. రాసేటప్పుడే ప్రతి ఫ్లాష్‌బ్యాక్ పక్కన 'ఎవరిది' అని ఒక పేరు రాసుకుంటే ఇలాంటి తప్పులు సగానికి పైగా కాగితం మీదే దొరికిపోతాయి.

ఒక మనిషి కథను ఆ మనిషే చెప్పలేని పరిస్థితి ఉన్నప్పుడు దర్శకులు తరచూ విలేఖరిని తెస్తారు. 1941 నాటి 'సిటిజన్ కేన్' ఈ పద్ధతికి పెద్ద ఆధారం. చనిపోయిన పత్రికాధిపతి గురించి ఒక విలేఖరి వాకబు చేస్తే, ఐదు చోట్ల ఐదు రకాల కేన్ దొరుకుతాడు. నాగ్ అశ్విన్ 'మహానటి' (2018)లోనూ ఇదే ఏర్పాటు. సావిత్రి కోమాలో ఉంది, మధురవాణి అనే విలేఖరి ఆమె కథను ఏరుకుంటూ పోతుంది. మనం చూసేది సావిత్రి చెప్పుకున్న కథ కాదు, ఆమె గురించి ఇతరులు దాచుకున్న కథ. సినిమాలో ఆమె మీద కురిసే ఆ ప్రేమకు, ఆ మురిపానికి ఇది తగిన కారణం ఇస్తుంది. చెప్పేవాళ్ళు ఆమెను ప్రేమించినవాళ్ళు కాబట్టి గతం అలా వెలిగిపోతుంది. ఇదే కథను ఏ ఆసరా లేకుండా నేరుగా పుట్టుక నుంచి మొదలుపెట్టి ఉంటే, ఆ వెలుగు దర్శకుడి పక్షపాతంలా కనిపించేది.

గురుదత్ 'కాగజ్ కే ఫూల్' (1959) మరో దారి పట్టింది. ముసలివాడైపోయిన దర్శకుడు ఖాళీ స్టూడియోలోకి వస్తాడు, పైన లైట్లు కట్టే పలకల మీదికి ఎక్కి కిందికి చూస్తాడు. అక్కడ గతం మొదలవుతుంది. ఆ ఎత్తును చూడండి. తన జీవితాన్ని తనే సెట్టులా పైనుంచి చూసుకుంటున్నాడు. భార్య పుట్టింటివాళ్ళు దూరం పెట్టడం, కూతుర్ని కలవనివ్వకపోవడం అన్నీ ఆ ఎత్తు నుంచి చూసినవే. మన దేశంలో సినిమాస్కోప్ అనే వెడల్పాటి తెర పద్ధతిలో వచ్చిన తొలి చిత్రం కూడా ఇదే. ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి ఆ వెడల్పును ఆడంబరానికి వాడలేదు. ఇద్దరు మనుషుల్ని చెరో చివరా నిలబెట్టి మధ్యలో చీకటి పరిచాడు. పాటలో పైనుంచి ఏటవాలుగా దిగే ఆ కాంతిపుంజం కోసం అద్దాలు పెట్టి సూర్యకాంతిని స్టూడియోలోకి మళ్ళించాడు. సినిమా ఘోరంగా పోయింది. ఆ తర్వాత గురుదత్ దర్శకుడిగా తన పేరు మళ్ళీ వేసుకోలేదు.

ఇంగ్మార్ బెర్గ్‌మన్ 'వైల్డ్ స్ట్రాబెర్రీస్' (1957)లో మనిషి కళాకారుడు కాదు, 78 ఏళ్ళ డాక్టరు. కానీ జ్ఞాపకాన్ని తీసే పద్ధతిలో ఆ సినిమా దగ్గర నేర్చుకోనివాళ్ళు తక్కువ. అతను తన యవ్వనంలోకి వెళ్ళినప్పుడు కుర్ర నటుణ్ణి పెట్టలేదు. ముసలివాడే ఆ ముసలి ఒంటితో, కోటుతో వెళ్ళి పాత ఇంటి ముందు నిలబడతాడు. అప్పటి తన ఈడువాళ్ళంతా కుర్రవాళ్ళుగానే ఉన్నారు, ఇతను మాత్రం తలనెరిసినవాడు. వాళ్ళకు ఇతను కనిపించడు. గతంలోకి వెళ్ళగలం గానీ అందులో చెయ్యిపెట్టి ఏదీ సర్దలేం అన్న సంగతి, ఒక్క మాటా లేకుండా, నటుల ఎంపికతోనే తేలిపోయింది. ఖర్చు కూడా తగ్గింది. కుర్రనటుడు అక్కర్లేదు, మేకప్ అక్కర్లేదు.

తార్కోవ్‌స్కీ 'మిర్రర్' (1975)లో తల్లి యవ్వనంలో ఉన్నప్పటి పాత్రనూ, కథానాయకుడి భార్య పాత్రనూ మార్గరీటా తెరెఖోవా ఒక్కతే వేసింది. కొడుకు తన భార్యలో అమ్మను చూస్తున్నాడు, అందుకే ఆ కాపురం నిలవలేదు అని ఎక్కడా చెప్పాల్సిన పని పడలేదు. ముసలి తల్లిగా దర్శకుడి సొంత తల్లే కనిపిస్తుంది, కవితలు అతని తండ్రి ఆర్సెనీ తార్కోవ్‌స్కీ గొంతులో వినిపిస్తాయి.

వయసు తేడాకు ఇద్దరు నటుల్ని పెడితే పోలిక కుదరకపోవడం ఎప్పుడూ ఉండే బెడద. ఆల్మొదొవార్ 'పెయిన్ అండ్ గ్లోరీ' (2019)లో యువతల్లిగా పెనెలోపె క్రూజ్, ముసలితల్లిగా హులియెటా సెర్రానో నటించారు. ఇద్దరికీ పోలికే లేదు. సినిమా అంతా ఇది పంటి కింద రాయిలా తగులుతూనే ఉంటుంది. చివరి షాట్‌లో కెమెరా వెనక్కి జరిగితే మైకు, సిబ్బంది కనిపిస్తారు. బాల్యంగా మనం చూసినదంతా ఆ దర్శకుడు ఇప్పుడు తీస్తున్న సినిమా. క్రూజ్ అతని తల్లి కాదు, అతను ఎంచుకున్న నటి. కళాకారుడు తల్లిని తనకు నచ్చినట్టు మళ్ళీ తయారుచేసుకున్నాడన్న మాట. లోపమనుకున్నదే జవాబుగా తేలింది.

ఇక గతంలోకి దిగే మెట్టు, తిరిగి ఎక్కే మెట్టు. దిగడానికి డిజాల్వ్ (ఒక బొమ్మ కరిగిపోతూ మరో బొమ్మ తేలడం) కంటే శబ్దం బాగా పనిచేస్తుంది. గతంలోని శబ్దం, గజ్జెల చప్పుడో, కుట్టుమిషను చప్పుడో, బొమ్మ మారడానికి ఒకటి రెండు సెకన్ల ముందే వర్తమానంలోని ముఖం మీద వినిపించాలి. అప్పుడా శబ్దం ఆ తలలో మోగుతున్నట్టు అనిపిస్తుంది, ఫ్లాష్‌బ్యాక్‌కు హక్కుదారు దొరుకుతాడు. తిరిగి రావడం ఇంతకంటే కష్టం. దీన్ని చాలామంది పట్టించుకోరు. తిరిగొచ్చేసరికి ఆ ముఖంలో, లేదా ఆ గదిలో ఏదో ఒకటి మారి ఉండాలి. చేతిలో కాఫీ చల్లారిపోయినా చాలు, ఎదుటి మనిషి లేచి వెళ్ళిపోయినా చాలు. ఏమీ మారకపోతే ఆ జ్ఞాపకం వల్ల ఆ మనిషికి ఏమీ కాలేదని అర్థం. అలాంటిదాన్ని కత్తిరించేస్తే సినిమాకు నష్టం లేదు.

ఇంట్లో తీసిన రీళ్ళు ఏం దాచాయి, ఏం దాచలేదు

ఈ కోవ సినిమాల్లో పాత ఇంటి రీళ్ళు, క్యాసెట్లు తరచూ కనిపిస్తాయి. వాటిని అలంకారంగా వాడేవాళ్ళే ఎక్కువ. అసలు ఆ పరికరం ఎంతసేపు తీయగలిగేదో తెలిస్తే దాని విలువ అర్థమవుతుంది.

పాత 8 ఎం.ఎం. కెమెరాలో 25 అడుగుల చుట్టను ఒకసారి ఒక అంచు మీద, తిప్పి ఎక్కించి మరోసారి రెండో అంచు మీద తీసేవారు. కడిగాక నిలువునా చీల్చి అతికిస్తే 50 అడుగులు. సెకనుకు 16 ఫ్రేముల చొప్పున నాలుగు నిమిషాల పైచిలుకు. కొడాక్ 1965లో తెచ్చిన సూపర్ 8 కార్ట్రిడ్జ్ కూడా 50 అడుగులే. సెకనుకు 18 ఫ్రేములైతే 3 నిమిషాల 20 సెకన్లు, 24 ఫ్రేములైతే రెండున్నర నిమిషాలు. ఆ కాస్త ఫిల్ముకూ, కడిగించడానికీ డబ్బు పోయాలి. అందుకే ఎవరూ అలగడాన్నీ, అప్పులవాడు వచ్చి వెళ్ళడాన్నీ తీయలేదు. పుట్టినరోజులు, విహారాలు, కెమెరా వైపు చెయ్యి ఊపే పిల్లలు, అంతే. రీలు చూస్తే ప్రతి కుటుంబమూ సంతోషంగా ఉన్నట్టే కనిపించడానికి కారణం ఆ మూడు నిమిషాల పొదుపు.

1995లో వచ్చిన మినీ డీవీ క్యాసెట్ ఈ పద్ధతిని తలకిందులు చేసింది. ఒక్క క్యాసెట్‌లో మామూలు వేగంలో గంట. ఖర్చు తక్కువ, మళ్ళీ మళ్ళీ తీయొచ్చు. దాంతో ఉత్తిపుణ్యాన నడుస్తున్న కెమెరాలో పనికిరాని నిమిషాలు చేరాయి. మాట మధ్యలో ఆగడం, విసుగు, ఎవరూ చూడట్లేదనుకున్నప్పటి ముఖం.

షార్లట్ వెల్స్ 'ఆఫ్టర్‌సన్' (2022) ఈ పనికిరాని నిమిషాల మీదే నిలబడిన సినిమా. పదకొండేళ్ళ సోఫీ తండ్రితో కలిసి టర్కీలో సెలవులు గడుపుతుంది. పెద్దయ్యాక, దాదాపు అప్పటి తండ్రి వయసుకొచ్చాక, ఆ క్యాసెట్లు చూస్తుంది. ఒక దృశ్యంలో సోఫీ కెమెరాను టీవీకి తగిలించి తండ్రిని ప్రశ్నిస్తుంది: పదకొండేళ్ళప్పుడు ఏమవుతాననుకున్నావు అని. అతనికి ఇబ్బందై కెమెరా ఆపెయ్యమంటాడు. కెమెరా ఆగుతుంది, సినిమా ఆగదు. ఆరిపోయిన టీవీ అద్దంలో ఇద్దరి నీడలూ మసకగా కనిపిస్తుంటే మిగతా సంభాషణ నడుస్తుంది. క్యాసెట్‌లో ఎక్కింది ఎంతవరకు, సోఫీ తలలో మిగిలింది ఎక్కడి నుంచి అన్న గీతను దర్శకురాలు అక్కడ గీసింది. ఇక తండ్రి ఒంటరిగా ఉన్న రాత్రులు ఏ క్యాసెట్‌లోనూ లేవు, సోఫీ చూసినవీ కావు. అవి ఆమె ఇప్పుడు ఊహించుకుంటున్నవి. గదిలో లేని మనిషి జ్ఞాపకం చెల్లదన్న పరీక్షను ఈ సినిమా తెలిసే దాటింది. దాటినందుకు తగిన బాధ కూడా అందులో ఉంది.

శారా పాలీ 'స్టోరీస్ వి టెల్' (2012) ఇంకో అడుగు ముందుకేసింది. చనిపోయిన తల్లి గురించి డాక్యుమెంటరీ. తల్లి నటి. సినిమాలో సూపర్ 8 రీళ్ళు పుష్కలంగా కనిపిస్తాయి, అవన్నీ కుటుంబం దాచుకున్నవేనని నమ్ముతాం. చివరికొచ్చేసరికి, వాటిలో చాలా భాగం నటులతో ఇప్పుడు తీసినవని, దర్శకురాలు ఆ నటులకు సూచనలిస్తుండగా మనకే చూపిస్తుంది. గింజలు గింజలుగా కనిపించే ఫిల్ము, వణికే కెమెరా ఉంటే చాలు, సాక్ష్యమని నమ్మేస్తామని ఆమెకు తెలుసు.

వస్తువుల విషయంలోనూ ఇదే శ్రద్ధ. 'రోమా' (2018) కోసం కువారోన్ బంధువుల ఇళ్ళలో చెదిరిపోయిన తన చిన్నప్పటి ఫర్నిచర్‌ను తెప్పించుకున్నాడు. తార్కోవ్‌స్కీ 'మిర్రర్' కోసం పాత ఫోటోలు చూసి, తాము బతికిన ఇంటిని పాత పునాదుల మీదే మళ్ళీ కట్టించాడు. ఇంటి ముందు ఒకప్పుడు బక్‌వీట్ చేను ఉండేది, తెల్లటి పూలతో. ఆ నేలలో అది పండదని అక్కడి రైతులన్నారు. అయినా విత్తించాడు, పూసింది.

కళను చూపించకుండా కళాకారుణ్ణి నమ్మించలేం

ఇక్కడ కూలిపోయే సినిమాలు చాలా ఎక్కువ. పాత్ర గొప్ప గాయకుడని పక్కపాత్రలు చెబుతాయి, కచేరీ దృశ్యంలో కళ్ళు మూసుకున్న శ్రోతల్ని, చప్పట్లను చూపిస్తారు. మనకు మాత్రం పాట వినిపించదు, వినిపించినా అందులో ఏమీ ఉండదు. కళాకారుడి వల్ల ఇల్లు నలిగిందన్న బాధ నిజమనిపించాలంటే, ఇంతమందిని నలిపిన ఆ కళ ఎంతటిదో ముందు మన చెవికి, కంటికి తెలియాలి.

పాట సంగతి తీసుకుందాం. నేపథ్య గానంలో పాట ముందే రికార్డవుతుంది, సెట్లో స్పీకర్లో వినిపిస్తూ నటుడి చేత పెదవులాడిస్తారు. పెదవులు మాత్రమే ఆడిస్తే మెడ నరాలు కదలవు, ఊపిరి తీసుకునే చోట ఛాతీ కదలదు. అందుకే సెట్లో నటుడు నిజంగా గొంతెత్తి పాడాలి, బాగా రాకపోయినా సరే. 'శంకరాభరణం' (1980)లో జె.వి. సోమయాజులు గాయకుడు కాదు, రంగస్థల నటుడు. పాడిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవాడు కాదు. ఆ గొంతు, ఆ ముఖం ఒకే మనిషివని మనం నమ్మడానికి కారణం సోమయాజులు నిటారుగా కూర్చునే తీరు, రాగం ఎత్తుకునే ముందు తీసుకునే నిలకడ.

తాళం మరీ కఠినమైన చోటు. ఆది తాళమంటే ఎనిమిది లెక్కలు: ఒక దెబ్బ, మూడు వేళ్ళు, ఆ తర్వాత దెబ్బ, విసురు రెండుసార్లు. షూటింగ్‌లో నటుడు సరిగ్గానే వేసి ఉండొచ్చు. ఎడిటర్ అందం కోసం ఆవర్తనం (ఎనిమిది లెక్కల ఒక చుట్టు) మధ్యలో మరో కోణానికి కట్ చేస్తాడు, ఆ రెండో షాట్ వేరే ఆవర్తనంలోంచి తీసుకున్నదై ఉంటుంది. చిటికెన వేలి దగ్గర ఉండాల్సిన చెయ్యి విసురులో ఉంటుంది. తెలిసిన ప్రేక్షకుడు అక్కడితో కథలోంచి బయటికొచ్చేస్తాడు. సమం దగ్గర, అంటే చుట్టు మొదలయ్యే దెబ్బ దగ్గర కట్ చేయడం, లేదా ఏ లెక్క మీద వదిలారో అదే లెక్క మీద అందుకోవడం ఒక్కటే మార్గం.

నాట్యంలో పాదాలు ఫ్రేములో ఉండాలి, షాట్ సాగాలి. నటుడికి నాట్యం వస్తే దర్శకుడికి ఎంత స్వేచ్ఛ దొరుకుతుందో 'సాగర సంగమం' (1983) చూస్తే తెలుస్తుంది. కమల్ హాసన్ ఒళ్ళు ముక్కలు ముక్కలుగా చూపించాల్సిన అవసరం కె. విశ్వనాథ్‌కు పడలేదు. పెళ్ళింట్లో తల్లి వంటకు కుదిరిన చోట, బయట ఎవరో నాట్యం చేస్తుంటే, వంటవాళ్ళున్న వైపు బాలు (కమల్ హాసన్ పాత్ర) తనకోసం తాను ఆడుకుంటాడు. కథానాయిక మాధవి ఫోటోలు తీస్తుంది. ఆ కళ తల్లి పొయ్యి దగ్గరే పెరిగిందని, దాన్ని మొదట పట్టి భద్రపరిచింది ఆ ఫోటోలేనని ఒకే దృశ్యం చెబుతుంది.

పియానో విషయంలో బెర్గ్‌మన్ 'ఆటమ్ సొనాటా' (1978)కు సాటి వచ్చే దృశ్యం నాకు కనిపించలేదు. పేరుమోసిన పియానిస్టు తల్లి చాలా ఏళ్ళకు కూతురింటికి వస్తుంది. కూతురు షోపాన్ ప్రెల్యూడ్ (చిన్న పియానో రచన) ఒకటి వాయిస్తుంది. తర్వాత తల్లి, అదెలా వాయించాలో వివరిస్తూ, అదే వాయిస్తుంది. వినిపించే రెండుసార్లూ వాయించింది కేబీ లారెటెయ్ అనే పియానిస్టే. ఒకటి మనసుపెట్టి, తడబడుతూ. రెండోది నిగ్రహంతో, తప్పులేకుండా. తేడా సంగీతం తెలియనివాళ్ళకూ అందుతుంది. తల్లి వాయిస్తుంటే కెమెరా వేళ్ళను వదిలేసి రెండు ముఖాలను పట్టుకుంటుంది. కూతురి చూపు తల్లి ముఖం మీదే. ఆరాధన, అవమానం, చిన్నప్పటి నుంచి మూసిన తలుపు బయట నిలబడ్డ పిల్ల, అన్నీ ఆ చూపులో ఉన్నాయి. ఈ దృశ్యం పడ్డాక వచ్చే పోట్లాట అంతా మాటల్లోనే సాగినా ఎక్కడా బరువనిపించదు.

రచనను తీయడం అన్నింటికంటే కష్టం. మనిషి కూర్చుని రాస్తుంటే చూడటానికి ఏముంటుంది? సత్యజిత్ రాయ్ 'చారులత' (1964)లో చారు రాయబోయే ముందు ఆమె ముఖం మీద పుట్టిన ఊరి దృశ్యాలు ఒకదాని మీద ఒకటిగా తేలతాయి. ఆ వెంటనే కలం కదులుతుంది. జ్ఞాపకం రచనగా మారే క్షణాన్ని బొమ్మలో పట్టుకోవడమంటే అది. చిత్రలేఖనానికి రివెట్ 'లా బెల్ నొయిజెజ్' (1991) ఉంది. దాదాపు నాలుగు గంటల సినిమా, తెరమీద గీసే చేతులు బెర్నార్ ద్యూఫూర్ అనే నిజమైన చిత్రకారుడివి. కలం కాగితాన్ని గీకే చప్పుడు నిమిషాల తరబడి వినిపిస్తుంది. పదేళ్ళ కిందట భార్యను నమూనాగా పెట్టుకుని ఆపేసిన చిత్రం మీదే చిత్రకారుడు కొత్త అమ్మాయిని వేయడం మొదలుపెడతాడు. భార్య ముఖం రంగుల కింద మరుగున పడుతుంది. గీత ఎంత కష్టమో అంతసేపు చూశాం కాబట్టి ఆ చెరిపివేత ఎంత క్రూరమో తెలుస్తుంది.

పిల్లల సినిమాగా చూసి వదిలేసే 'కోకో' (2017)లో ఒకే పాటను రెండు రకాలుగా వినిపిస్తారు. మొదట వేదిక మీద హంగుతో, తర్వాత ఒక తండ్రి పసికూతురికి పాడే జోలగా. పాట దొంగిలించిన వాడెవరో తేలేది ఆ లయ మార్పులోనే. ఎవరి జ్ఞాపకం ఎవరి పేరుమీద చలామణీ అయిందన్న మాటను ఇంత తేటగా చెప్పిన సినిమాలు పెద్దవాళ్ళ కోసం తీసినవాటిలోనూ అరుదు.

ఖర్చు ఎవరి పద్దులో పడింది

కళాకారుడి పోరాటమంటే ఆకలి, తిరస్కారం, తాగుడు అని ఒక అచ్చు తయారైంది. ఆ అచ్చులో రెండు తప్పులున్నాయి. ఒకటి, బాధే ప్రతిభకు మూలమన్నట్టు చూపించడం. 'సాగర సంగమం' ఆ పొరపాటు చేయలేదు. తాగుడు బాలు ఒంటిని తినేసింది. కళ గురించిన తెలివి మాత్రం చెక్కుచెదరలేదు, అందుకే పత్రికలో అంత నిక్కచ్చిగా విమర్శ రాయగలిగాడు. రెండో తప్పు ఇంకా పెద్దది. పోరాటమంతా కళాకారుడిదే అన్నట్టు చూపించి, ఆ ఖర్చు భరించినవాళ్ళను నేపథ్యంలో వదిలేయడం.

ఋత్విక్ ఘటక్ 'మేఘే ఢాకా తారా' (1960) కెమెరాను అటు తిప్పేసింది. దేశవిభజనలో కొంప పోగొట్టుకున్న కుటుంబం. అన్న శంకర్ సంపాదన లేకుండా గాత్రం సాధన చేస్తుంటాడు. ఇంటిల్లిపాదినీ పోషించేది చెల్లెలు నీత. అన్నకు పేరొస్తుంది, ఆమెకు క్షయ వస్తుంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి పాడే రవీంద్ర గీతం చివర్లో సంగీతంలోకి కొరడా దెబ్బల చప్పుడు వచ్చి పడుతుంది. తెరమీద కొరడా లేదు, కొట్టేవాడూ లేడు. ఆ పాట ఎవరి వీపు మీద నిలబడిందో ఆ చప్పుడే చెబుతుంది. సౌండ్ ట్రాక్‌తో తీర్పు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

'సాగర సంగమం'లో బాలు చేతికి ఉత్సవపు పుస్తకం వస్తుంది, పెద్దపెద్ద నర్తకుల సరసన తన ఫోటో, పేరు. నాట్యం చేసే సమయానికి తల్లి మంచాన ఉంది. ఆ అవకాశం చెయ్యిజారిపోతుంది. ఇక్కడ విశ్వనాథ్ తల్లిని అడ్డంకిగా చూపించలేదు, బాలును త్యాగమూర్తిగానూ నిలబెట్టలేదు. ఆయనే తీసిన 'స్వాతి కిరణం' (1992)లో సంగతి మరీ చేదు. పేరు ప్రతిష్ఠలున్న గురువు తన శిష్యుడైన పిల్లవాడి ప్రతిభను ఓర్వలేకపోతాడు, పిల్లలు లేని గురుపత్ని ఆ పిల్లవాడిని కొడుకులా చూసుకుంటుంది. ఆ పిల్లవాడి ప్రాణం పోతుంది. గురువు గొప్ప విద్వాంసుడే. ఆ మాట సినిమా ఎక్కడా తగ్గించి చెప్పదు, అందుకే అంత గుచ్చుకుంటుంది.

'రంగమార్తాండ' (2023)కు మూలం మరాఠీ 'నటసామ్రాట్'. వి.వా. శిర్వాడ్కర్ రాసిన ఆ నాటకం 1970లో వేదికెక్కింది, దాని వెనక షేక్స్‌పియర్ లియర్ రాజు ఉన్నాడు. ఆస్తి పిల్లలకు పంచేసి రోడ్డున పడ్డ నటుడి కథ. పిల్లల్ని కేవలం కృతఘ్నులుగా చూస్తే ఈ కథ చిన్నదైపోతుంది. వేదిక మీద ఒదిగిపోయే కంఠం, దర్పం నాలుగ్గోడల మధ్య పట్టవు, చప్పట్లకు అలవాటుపడిన మనిషి ఇంట్లోనూ ప్రేక్షకుల కోసం వెతుక్కుంటాడు. ఆ పిల్లల వైపు నుంచి కూడా నాలుగు సీన్లు రాయగలిగితే తండ్రి దుఃఖం ఇంకా పెరుగుతుందే గానీ తగ్గదు.

మరి ఇంటి గుట్టును కథ చేసే హక్కు? 'పెయిన్ అండ్ గ్లోరీ'లో ముసలితల్లి కొడుకుతో సూటిగానే అంటుంది, ఇవేవీ నీ సినిమాల్లో పెట్టకు, నాకిష్టం లేదు అని. ఆ మాట కూడా అతను సినిమాలో పెట్టాడు. స్పీల్‌బర్గ్ తన తల్లిదండ్రుల కథను 'ది ఫేబుల్‌మన్స్' (2022)గా తీసింది ఇద్దరూ పోయాకే. తల్లి 2017లో, తండ్రి 2020లో వెళ్ళిపోయారు. అందులో కుర్రవాడు కుటుంబ విహారం రీళ్ళను ఎడిట్ చేస్తుండగా, ఫ్రేము అంచున, వెనక ఎక్కడో, అమ్మకూ నాన్న స్నేహితుడికీ మధ్య ఉన్నది కనిపిస్తుంది. వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి, మళ్ళీ చూస్తాడు. షూటింగ్ నాడు అతని కంటికి ఆనని సంగతి ఎడిటింగ్‌లో దొరికింది. ఇంటివాళ్ళందరికీ చూపించే సినిమాలోంచి ఆ ముక్కలన్నీ తీసేస్తాడు, వాటిని విడిగా అతికించి తల్లి ఒక్కదానికే చూపిస్తాడు. కళాకారుడి చేతిలో కుటుంబ సత్యం పడితే ఏమవుతుందో, ఎవరికి ఎంత చూపించాలన్న నిర్ణయం ఎంత భయంకరమైందో ఆ రెండు రీళ్ళే చెబుతాయి. ట్రియర్ 'సెంటిమెంటల్ వాల్యూ' (2025)లో ఈ ముడి తిరగబడి కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి మొహం చూపించని దర్శకుడైన తండ్రి, నటి అయిన కూతురికి క్షమాపణ బదులు స్క్రిప్టు తెచ్చి ఇస్తాడు. ఆమె చదవకుండానే వద్దంటుంది. ఆ తిరస్కారం పూర్తిగా న్యాయం.

ఎడిటింగ్ టేబుల్ మీద మారిపోయే మనుషులు

ఇలాంటి సినిమాలకు స్క్రిప్టులోని వరస చివరిదాకా నిలవడం అరుదు. 'మిర్రర్'కు ఇరవైకి పైగా రకాల కూర్పులు ప్రయత్నించాకే సినిమా కుదిరిందని తార్కోవ్‌స్కీ రాసుకున్నాడు. ఏ జ్ఞాపకం ముందు వస్తే దాని తర్వాతి జ్ఞాపకం అర్థం మారుతుంది. పనికొచ్చే పద్ధతి ఒకటుంది. వర్తమానం సీన్లు మాత్రమే వరసగా అతికించి చూడాలి. అవి వాటంతట అవి నిలబడితే, ఫ్లాష్‌బ్యాక్‌లను ఒక్కొక్కటిగా కలుపుతూ, ప్రతిదాని తర్వాతా వర్తమానం మారిందా లేదా అని గమనించాలి. వర్తమానం ముందే కుంటుతుంటే, ఎన్ని జ్ఞాపకాలు చేర్చినా నడవదు.

కత్తెర ఒక మనిషి స్వభావాన్నే ఎలా మార్చేస్తుందో తెలియాలంటే టొర్నటోరే 'సినిమా పారడీసో' (1988)ను రెండు నిడివుల్లో చూడాలి. మొదట ఇటలీలో 155 నిమిషాలతో విడుదలై నడవలేదు. 124 నిమిషాలకు తగ్గించాక ప్రపంచమంతా ఆదరించింది, ఆస్కార్ వచ్చింది. తర్వాత 173 నిమిషాల దర్శకుడి కూర్పు వచ్చింది. పొట్టి కూర్పులో ప్రొజెక్షన్ ఆపరేటర్ ఆల్‌ఫ్రెదో తండ్రిలాంటివాడు. ఊరు వదిలి వెళ్ళు, తిరిగి రాకు అని కుర్రవాడిని కళ వైపు నెట్టినవాడు. పొడుగు కూర్పులో, పేరున్న దర్శకుడై ముప్ఫై ఏళ్ళకు ఊరికి తిరిగొచ్చిన సాల్వతోరేకు పాత ప్రేయసి ఎదురవుతుంది. ఒకప్పుడు తను ఎదురుచూసిన రోజున ఆమె వచ్చిందని, ఆమెను వెనక్కి పంపేసింది, ఆ సంగతి తనకు చెప్పకుండా దాచింది ఆల్‌ఫ్రెదోనేనని అప్పుడు తెలుస్తుంది. చివర్లో చూసే ముద్దుల రీలు, అంటే ఊళ్ళో ఆడిన సినిమాల్లోంచి కత్తిరించిన ముద్దుల్ని ఆల్‌ఫ్రెదో అతికించి దాచిన రీలు, రెండిట్లోనూ ఉంది. మొదటిదాంట్లో అది చనిపోయిన పెద్దాయన ఇచ్చిన కానుక. రెండోదాంట్లో అదే రీలును, తన ప్రేమను తనకు తెలియకుండా కత్తిరించినవాడి చేతి అతుకులుగా చూస్తాడు సాల్వతోరే.